చక్ బెర్రీ చవక సీడీ: పాటలు అవే, గొంతు అదే, రికార్డింగ్ మాత్రం వేరు. ఏంటి కథ?

రాలీరేడియో

నమస్తే అందరికీ. 50ల నాటి అమెరికన్ రాక్ అండ్ రోల్ గాయకుడు, గిటారిస్టు చక్ బెర్రీ ఉన్నాడు కదా, ఆయన గ్రేటెస్ట్ హిట్స్ అని రాసున్న సీడీ ఒకటి ఇక్కడ సెకండ్‌హ్యాండ్ షాపులో డాలరుకి దొరికింది. కాఫీ కన్నా చవక కదా అని ఆలోచించకుండా తీసుకున్నా. కవర్ మీద పాటలన్నీ 50ల నాటివి, ఫొటో మాత్రం 70ల నాటిది, ఆ పూల చొక్కా చూస్తేనే తెలిసిపోతోంది. వెనక పాటల పేర్లు తప్ప ఇంకేం లేవు. ఎవరు వాయించారు, ఏ ఊళ్ళో, ఏ సంవత్సరం అన్నది సున్నా.

'జానీ బి. గుడ్' పెట్టగానే ఏదో తేడా కొట్టింది. మొదటి గిటార్ బిట్ అదే. గొంతూ ఆయనదే, అందులో డౌట్ లేదు. కానీ డ్రమ్స్ మీదికొచ్చి పడుతున్నాయి, పియానో ఎక్కడో పక్క గదిలో ఉన్నట్టుంది. యూట్యూబ్‌లో నేను ఇన్నాళ్ళూ విన్నది ఇది కాదు. డూప్లికేట్ సరుకు అంటగట్టారా?

గుంటూరు_గ్రామఫోన్

వెనక పాటల్లో 'క్లబ్ నిట్టీ గ్రిట్టీ' ఉందా చూడండి. ఉంటే మిగతాది నేను చెప్తా.

రాలీరేడియో

ఉందండీ! ఆ పేరే నేనెప్పుడూ వినలేదు. హిట్స్‌లో ఇదెందుకుందా అనుకున్నా.

గుంటూరు_గ్రామఫోన్

అయితే అది మెర్క్యురీ అనే రికార్డు కంపెనీ సరుకు. నకిలీ కాదు, అచ్చంగా చక్ బెర్రీయే. కాకపోతే మీరు యూట్యూబ్‌లో విన్నది 1958లో చెస్ అనే షికాగో కంపెనీకి చేసిన రికార్డింగ్. మీ సీడీలో ఉన్నది కొన్నేళ్ళ తర్వాత వేరే కంపెనీ కోసం ఆయనే మళ్ళీ పాడింది.

కొంచెం వెనక్కి వెళ్దాం. 1955లో సెయింట్ లూయిస్ నుంచి షికాగో వెళ్ళిన చక్ బెర్రీ, బ్లూస్ గాయకుడు మడ్డీ వాటర్స్‌ను కలిసి, నా పాట ఎవరు రికార్డు చేస్తారని అడిగాడు. లెనార్డ్ చెస్ దగ్గరికి వెళ్ళమన్నాడాయన. చెస్ సోదరులిద్దరూ పోలండ్ నుంచి వలస వచ్చిన యూదులు, నల్లజాతి వాళ్ళ బ్లూస్ రికార్డులు వేసి అమ్ముకునేవాళ్ళు. ఆ మే నెలలోనే 'మేబెలీన్' రికార్డయింది. ఆర్ అండ్ బీ (రిథమ్ అండ్ బ్లూస్) చార్టులో ఒకటో స్థానం, పాప్ చార్టులో ఐదు. ఆ తర్వాత 'రోల్ ఓవర్ బీథోవెన్' 1956లో, 'స్కూల్ డేస్', 'రాక్ అండ్ రోల్ మ్యూజిక్' 1957లో, 'స్వీట్ లిటిల్ సిక్స్‌టీన్', 'జానీ బి. గుడ్', 'కెరొల్' 1958లో. ఇక ఆగలేదు. ఇవన్నీ చెస్‌వే.

1966లో మెర్క్యురీ వాళ్ళు పెద్ద అడ్వాన్సు చూపించి లాక్కెళ్ళారు. వెళ్ళాక చేయించిన మొదటి పనుల్లో ఒకటి, ఈ హిట్లన్నీ మళ్ళీ రికార్డు చేయించడం. ఎందుకంటే ఒరిజినల్ టేపులు చెస్ బీరువాలో ఉన్నాయి, మెర్క్యురీకి అమ్ముకోవడానికి ఏమీ లేదు. అలా వచ్చిందే 1967 నాటి 'చక్ బెర్రీస్ గోల్డెన్ హిట్స్'. అందులో ఉన్న ఒకే ఒక్క కొత్త పాట 'క్లబ్ నిట్టీ గ్రిట్టీ'. అందుకే దాని గురించి అడిగా. చవక సీడీ వెనక ఆ పేరు కనిపిస్తే ఇక వేరే సాక్ష్యం అక్కర్లేదు.

చెస్ వాళ్ళు మాత్రం ఊరుకుంటారా? అదే 1967లో తమ దగ్గరున్న అసలు రికార్డింగులు రెండు ఎల్పీల్లో సర్ది 'చక్ బెర్రీస్ గోల్డెన్ డికేడ్' అని వదిలారు. ఒకటి గోల్డెన్ హిట్స్, ఒకటి గోల్డెన్ డికేడ్. షాపులో నిలబడ్డ వాడికి ఏం తెలుస్తుంది చెప్పండి?

స్ట్రీమింగ్_సిద్ధు

ఓహ్, అంటే టేలర్ స్విఫ్ట్ కన్నా యాభై ఏళ్ళ ముందే టేలర్స్ వెర్షన్ చేసేశాడన్నమాట 😄

ప్లీడరుగారబ్బాయి

సిద్ధూ, సగమే కరెక్టు తమ్ముడూ. టేలర్ స్విఫ్ట్ తన పాత ఆల్బమ్‌లు మళ్ళీ రికార్డు చేసింది, ఆ కొత్త రికార్డింగులకు తనే ఓనర్ కావాలని. చక్ బెర్రీ విషయంలో రికార్డింగులు చెస్ చేతిలోంచి మెర్క్యురీ చేతిలోకి మారాయంతే. ఈయనకి వచ్చింది అడ్వాన్సూ, రాయల్టీ.

ఇక్కడ రెండు హక్కులు విడివిడిగా చూడాలి. ఒకటి పాట మీద, అంటే మాటలూ బాణీ. రెండోది ఆ టేపు మీద. పాటల హక్కులు ఆర్క్ మ్యూజిక్ అనే పబ్లిషింగ్ సంస్థ దగ్గర ఉండేవి, అందులో చెస్ వాళ్ళకీ వాటా ఉంది. కాబట్టి మెర్క్యురీ వాళ్ళు 'మేబెలీన్' మళ్ళీ రికార్డు చేసి అమ్మినా పాట తాలూకు డబ్బు ఎప్పటిలాగే ఆర్క్‌కి వెళ్తుంది. మారేది టేపు తాలూకు డబ్బు ఒక్కటే.

'మేబెలీన్' అన్నాను కాబట్టి ఇంకో ముక్క. మొదటి రికార్డు మీద రచయితలుగా చక్ బెర్రీతో పాటు ఇంకో రెండు పేర్లు ఉండేవి, డీజే అలన్ ఫ్రీడ్, రస్ ఫ్రాటో. ఇద్దరూ ఒక్క ముక్క రాసినవాళ్ళు కాదు. ఫ్రీడ్ తన రేడియోలో పాటను తెగ వేసినందుకు అది ప్రతిఫలం. పూర్తి క్రెడిట్ చక్ బెర్రీకి తిరిగి వచ్చేసరికి 1986 అయింది. డబ్బు విషయంలో ఆయన ఎందుకంత ఖచ్చితంగా ఉండేవాడో దీన్నిబట్టి అర్థం చేసుకోవచ్చు.

నిర్మొహమాటం

ఇంత చరిత్ర ఎందుకండీ. కవర్ మీద గ్రేటెస్ట్ హిట్స్ అన్నారు. హిట్టయింది ఏది? 1958 రికార్డింగ్. లోపల పెట్టింది ఏది? వేరేది. దీన్ని మోసం అనకపోతే ఇంకేమంటారు? బాస్మతి అని బోర్డు పెట్టి సోనా మసూరి అమ్మినట్టే.

గుంటూరు_గ్రామఫోన్

1967 ఎల్పీని మోసం అనలేం సార్. అది మామూలు ధరకి, సొంత పేరుతో, చక్ బెర్రీ ఇష్టప్రకారమే వచ్చిన ఆల్బమ్. గోల ఆ తర్వాత మొదలైంది. చవక లేబుళ్ళకి, అంటే చవక రికార్డు కంపెనీలకి, పెద్ద కంపెనీలు అసలు టేపులు ఇవ్వవు, ఇచ్చినా గట్టిగా అడుగుతాయి. తక్కువకి దొరికేవి ఇలాంటి రెండో విడత రికార్డింగులు, లైవ్ టేపులు. వాటినే తీసుకుని ఊరూపేరూ లేని కవర్లేసి సూపర్‌మార్కెట్లలో, పెట్రోల్ బంకుల్లో తోసేశారు. కొన్నింటి మీద ఒరిజినల్ ఆర్టిస్ట్ చేసిన న్యూ రికార్డింగ్స్ అని చీమంత అక్షరాల్లో వేసేవాళ్ళు. చాలావాటి మీద అదీ ఉండదు.

ఆ ఎల్పీల రోజుల్లో ఇంకో కక్కుర్తి కూడా ఉండేది. అసలు ఆల్బమ్‌లో పన్నెండు పాటలుంటే బడ్జెట్ లేబుల్ తొమ్మిదో పదో పెట్టేది. ప్రతి పాటకీ పబ్లిషర్‌కి కట్టాలి కాబట్టి, పాట తగ్గితే ఖర్చు తగ్గుతుంది.

ఆరుతీగలు

నేను ఈ రెండు 'జానీ బి. గుడ్'లూ పక్కపక్కన పెట్టుకుని నేర్చుకున్నవాణ్ణి, కాబట్టి నాకు తెలిసింది చెప్తా.

1958 దాంట్లో మ్యాజిక్ ఏంటంటే, చక్ బెర్రీ గిటార్ ఒక దారిలో, వెనక రిథమ్ ఇంకో దారిలో వెళ్తాయి. ఈయన కుడి చెయ్యి టకటకటకటక సమానంగా కొడుతూ పోతుంది. డ్రమ్స్ మీద ఫ్రెడ్ బిలో, బేస్ మీద విల్లీ డిక్సన్ ఇద్దరూ బ్లూస్, జాజ్ లోంచి వచ్చినవాళ్ళు, ఊపుతూ వాయిస్తారు. ఒకరిది సూటి నడక, ఇంకొకరిది ఊగుతూ నడక. ఆ రెండూ రాసుకున్నప్పుడు పుట్టే వేడి ఉంది చూశారా, రాక్ అండ్ రోల్ అంటే అదే. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఒక చరణం మొత్తం గొంతూ గిటారూ వదిలేసి తాళాల చప్పుడు మీదే చెవి పెట్టండి, తెలుస్తుంది.

1966 కల్లా కాలం మారింది. డ్రమ్మర్లందరూ సూటిగా వాయించడం మొదలుపెట్టారు, నిలువు బేస్ పోయి ఎలక్ట్రిక్ బేస్ వచ్చింది. మెర్క్యురీ దాంట్లో అందరూ ఒకే అడుగు వేస్తారు. తప్పు లేదు, శుభ్రంగా ఉంటుంది, స్టీరియో కూడా. కానీ ఆ రాపిడి లేదు.

రాలీరేడియో గారు పియానో పక్క గదిలో ఉందన్నారు కదా, కరెక్టుగా పట్టుకున్నారు. చెస్ దాంట్లో పియానో లఫాయెట్ లీక్. ఆయన వెనక తోడుగా వాయించడం లేదు, పాట మొదటి నుంచి చివరి దాకా పై స్వరాల మీద ఆగకుండా పరిగెడుతూనే ఉంటాడు. చాలామంది జానీ జాన్సన్ అనుకుంటారు. చక్ బెర్రీ పాటల్లో ఎక్కువభాగం పియానో జాన్సన్‌దే, ఈ పాటలో మాత్రం లీక్.

విశాఖవీణ

ఆరుతీగలు గారూ, మొదటి ఆ గిటార్ బిట్ లూయీ జోర్డాన్ పాటలోంచి తీసుకున్నాడంటారు, నిజమేనా?

ఆరుతీగలు

నిజమేనండీ. 1946లో జోర్డాన్ పాట 'ఎయింట్ దట్ జస్ట్ లైక్ ఎ వుమన్' మొదట్లో గిటారిస్టు కార్ల్ హోగన్ వాయించిన బిట్ దాదాపు ఇదే. చక్ బెర్రీ కూడా తనకి హోగన్ అంటే ఇష్టమని దాచలేదు. కానీ హోగన్ వాయించింది ఒంటి తీగ మీద. చక్ బెర్రీ దాన్ని రెండేసి తీగలు కలిపి, కొంచెం వంచి, రెట్టింపు కారం వేశాడు. అక్కడే ఆయన సంతకం మొదలవుతుంది.

గిటార్ నేర్చుకునేవాళ్ళకి ఒక మాట. ఈయన పాటలు ఎక్కువగా బి ఫ్లాట్, ఇ ఫ్లాట్‌లో ఉంటాయి. గిటారిస్టులు మామూలుగా ఎంచుకునే శ్రుతులు కావివి, పియానో, సాక్సఫోన్ వాళ్ళకి వాటమైనవి. జానీ జాన్సన్ పక్కన వాయిస్తూ పెరిగిన చెయ్యి అది. కింది తీగలు ఖాళీగా మోగించే వెసులుబాటు ఉండదు, అన్నీ నొక్కే వాయించాలి. అందుకే ఆ బిట్లు అంత కట్టుదిట్టంగా వినిపిస్తాయి.

స్ట్రీమింగ్_సిద్ధు

అన్నా, జాన్సన్ కేసు కూడా వేశాడు కదా?

ప్లీడరుగారబ్బాయి

వేశాడు, 2000లో. చాలా పాటల బాణీలో నా భాగం ఉంది, సహరచయితగా గుర్తించాలని. 2002లో కోర్టు కొట్టేసింది, కాలదోషం పట్టిందని. వాదనలో బలం ఉందా లేదా అన్నదాని దాకా వెళ్ళనే లేదు. నా సొంత అభిప్రాయం అడిగితే, మాటలు ముమ్మాటికీ చక్ బెర్రీవే, సంగీతంలో జాన్సన్ చెయ్యి ఎంతో కొంత ఉందనే అనుకుంటా.

నిర్మొహమాటం

టాపిక్ పక్కదారి పట్టింది. నా ప్రశ్నకి జవాబు రాలేదు. ఆయనకి డబ్బు కావాలి, కంపెనీకి డబ్బు కావాలి, సరే. కొన్నవాడి సంగతేంటి?

విశాఖవీణ

నిర్మొహమాటం గారి కోపంలో న్యాయం ఉంది. ఒక్క పాట తీసుకుని చెప్తా, 'మెంఫిస్, టెనెసీ'.

ఒకాయన టెలిఫోన్ ఆపరేటర్‌ని బతిమాలుతుంటాడు, మెంఫిస్‌లో ఉన్న మెరీకి లైన్ కలపమని. నంబరు తెలీదు, ఆమె ఇల్లు ఎక్కడుందో గుర్తులు చెప్తుంటాడు. పాట సాంతం ఎవరో ప్రియురాలనే అనుకుంటాం. చివర్లో తెలుస్తుంది, మెరీ ఆరేళ్ళ పిల్ల, ఆయన కూతురు, తల్లి విడిపోయి తీసుకెళ్ళిపోయింది. రెండు నిమిషాల చిల్లర పాటలో అంత పెద్ద మలుపు, అదీ ఒక్క లైన్లో.

అది షికాగో స్టూడియోలో చేసింది కాదు. సెయింట్ లూయిస్‌లో తన చోటే, తన సరంజామాతో చేసుకున్నాడు, గిటార్ మీద గిటార్ తనే వేసుకుని. 1959లో 'బ్యాక్ ఇన్ ది యూఎస్ఏ' రికార్డుకి వెనకవైపు వేశారు. ఆ రికార్డింగ్ చాలా పల్చగా ఉంటుంది. డ్రమ్ముల శబ్దం ఎవరో గోడవతల దుప్పటి దులుపుతున్నట్టు వస్తుంది. గిటార్ ఒకే చిన్న ముక్క పట్టుకుని తిరుగుతూ ఉంటుంది, గొంతు కూడా పెంచడు. ఆ పేదతనమే పాటకి సరిపోయింది, ఫోన్‌లో దూరం నుంచి ఎవరో మాట్లాడుతున్నట్టు. 1967 దాంట్లో బ్యాండంతా వచ్చి కూర్చుంది. మాటలన్నీ ఉన్నాయి, ఆ తండ్రి లేడు.

చవక సీడీతో ఈ పాట మొదటిసారి విన్నవాళ్ళు, ఇదేదో మామూలు డాన్సు పాట అనుకుని వెళ్ళిపోతారు. ఆ నష్టం డాలరుతో పోదు.

నిర్మొహమాటం

ఇదీ నేను చెప్పాలనుకున్నది. థాంక్స్ అమ్మా.

ఆరుతీగలు

వీణ గారు చెప్పింది కాదనను. కానీ 'మేబెలీన్' విషయంలో మాత్రం రెండో విడత వినడం నాకు ఉపయోగపడింది. చెస్ దాంట్లో గిటార్ అరుపు మొత్తం కలిసిపోయి ఉంటుంది, వెనక జెరోమ్ గ్రీన్ మరకాస్ (గిలక్కాయల్లాంటి వాద్యం) గలగల ఒకటి, ఏ వేలు ఎక్కడుందో తెలిసి చావదు. మెర్క్యురీది స్పష్టంగా ఉంటుంది కాబట్టి దాంట్లో నేర్చుకుని చెస్ దాంట్లో ఆనందించా. పాఠ్యపుస్తకానికి ఉండే విలువ దానికీ ఉంది.

గుంటూరు_గ్రామఫోన్

ఈ పని ఒక్క చక్ బెర్రీదే అనుకోకండి, ఆ తరంలో అదొక ఆనవాయితీ. మెర్క్యురీ వాళ్ళకే స్మాష్ అని ఇంకో లేబుల్ ఉండేది. సన్ రికార్డ్స్ వదిలి వచ్చిన జెర్రీ లీ లూయిస్ చేత వాళ్ళు 1964లోనే ఇదే పని చేయించారు, 'గోల్డెన్ హిట్స్' అన్న పేరుతోనే. ఎవర్లీ బ్రదర్స్ కేడెన్స్ లేబుల్ నుంచి వార్నర్ లేబుల్‌కి వెళ్ళి, పాత హిట్లు మళ్ళీ పాడారు, అదీ 1964లోనే.

లిటిల్ రిచర్డ్ కథ ఇంకా ఘోరం. 1955 సెప్టెంబర్‌లో న్యూ ఆర్లీన్స్‌లో కాసిమో మటాసా స్టూడియోలో 'టూటీ ఫ్రూటీ' చేశాడు, స్పెషాల్టీ అనే లేబుల్‌కి. డ్రమ్స్ ఎర్ల్ పామర్. 1957లో ఆస్ట్రేలియా టూర్ మధ్యలో ఇదంతా పాపం అని వదిలేసి బైబిల్ చదువుకి వెళ్ళిపోయాడు. తిరిగి రాక్ అండ్ రోల్‌లోకి వచ్చాక 1964 ప్రాంతంలో వీ-జే అనే షికాగో లేబుల్‌కి పాత హిట్లన్నీ మళ్ళీ పాడాడు. వీ-జే 1966లో దివాలా తీసింది. ఆ టేపులు ఎన్ని చేతులు మారాయో లెక్కలేదు. లిటిల్ రిచర్డ్ చవక సీడీల్లో చాలావాటిలో ఉండేది ఆ సరుకే. గొంతు బ్రహ్మాండంగానే ఉంటుంది, కానీ ఎర్ల్ పామర్ ఉండడు.

రాలీరేడియో

మరి బడ్డీ హాలీ? ఆయన చవక సీడీ కూడా అదే షాపులో చూశా.

గుంటూరు_గ్రామఫోన్

బడ్డీ హాలీ 1959 ఫిబ్రవరి 3న విమాన ప్రమాదంలో పోయాడు, 22 ఏళ్ళకి. మళ్ళీ రికార్డు చేసే అవకాశమే లేదు, కాబట్టి ఆ గొంతు ఎక్కడున్నా అసలుదే. అయితే ఆయన ఇంట్లో టేపు మీద పాడుకున్నవాటికి తర్వాత ఆయన ప్రొడ్యూసర్ నార్మన్ పెటీ, ఫైర్‌బాల్స్ అనే బ్యాండు చేత వాద్యాలు కలిపించి విడుదల చేశాడు. ఆయన వినని సంగీతం మీద ఆయన పాడినట్టు ఉంటుంది.

ప్లీడరుగారబ్బాయి

మన దగ్గర చవక క్యాసెట్ల కాలం గుర్తొచ్చింది. 80లు, 90ల్లో హిందీ పాత పాటలు వేరే గొంతులతో పాడించి అమ్మేవాళ్ళు కదా, వెర్షన్ రికార్డింగులని. కాపీరైట్ చట్టం 52వ సెక్షన్‌లో ఒక వెసులుబాటు ఉండేది, నోటీసిచ్చి రాయల్టీ కడితే ఒక హిట్ పాటను ఇంకొకరి చేత పాడించి అమ్ముకోవచ్చు. సోనూ నిగమ్ మొదట్లో పేరు తెచ్చుకుంది రఫీ పాటల క్యాసెట్లతోనే. 2012 సవరణలో 31సి అని కొత్త సెక్షన్ పెట్టి బిగించారు. మొదటి రికార్డింగ్ వచ్చి ఐదేళ్ళు గడవాలి, కవర్ మీద పాత గాయకుడి పేరు గానీ బొమ్మ గానీ ఉండకూడదు, ఇది కవర్ వెర్షన్ అని స్పష్టంగా రాయాలి.

తేడా చూడండి. అక్కడ గొంతు మారింది, కాబట్టి కొన్నవాడు ఇంటికెళ్ళి ప్లేయర్‌లో వేసిన నిమిషానికే పట్టేస్తాడు. చక్ బెర్రీ సీడీలో గొంతు మారలేదు. పట్టుకోవాలంటే అసలుది బాగా తెలిసుండాలి. అందుకే ఇన్నేళ్ళు నడిచింది.

ఇప్పుడు అసలు మెలిక. చవక అంటే రెండో విడత సరుకు అన్న సూత్రం ఈమధ్య యూరప్‌లో తిరగబడింది. అక్కడ రికార్డింగుల మీద హక్కు 50 ఏళ్ళే ఉండేది. 2011లో దాన్ని 70కి పెంచారు గానీ, అప్పటికే గడువు తీరినవాటికి ప్రాణం పోయలేదు. దాంతో 1962 దాకా విడుదలైనవి అక్కడ ఎవరైనా వేసుకోవచ్చు. ఇప్పుడు యూరప్ నుంచి వచ్చే చవక రెండు సీడీల సెట్లలో ఉండేవి చెస్ రికార్డింగులే! ఉచితంగా అసలుదే దొరుకుతుంటే మెర్క్యురీ వాళ్ళకి డబ్బెందుకు కడతారు? 1967 రికార్డింగ్‌కి ఇంకా హక్కులున్నాయి, 1958 దానికి లేవు. అమెరికాలో మాత్రం ఈ 1958 రికార్డింగుకి 2067 దాకా రక్షణ ఉంది.

మన చట్టంలో రికార్డింగ్‌కి 60 ఏళ్ళు. 1958లో వచ్చింది 2018తో సరి. పాట మీద హక్కు వేరు, అది రచయిత పోయాక 60 ఏళ్ళు. చక్ బెర్రీ 2017 మార్చిలో పోయాడు కాబట్టి 2077 చివరి దాకా.

స్ట్రీమింగ్_సిద్ధు

యాప్‌లో వెతికితే ఇదే పాట బోలెడు ఆల్బమ్‌ల కింద వస్తోంది. ఏది ఏదో ఎలా కనుక్కోవాలి?

ఆరుతీగలు

ఒక చెవిది తీసేసి విను. రెండు చెవుల్లోనూ ఒకే శబ్దం వస్తే మోనో, చెస్ అయ్యే అవకాశం ఎక్కువ. గిటార్ ఒక పక్క, డ్రమ్స్ ఒక పక్క విడిగా వస్తే 1967ది. ఇక్కడ ఒక గోతి ఉంది. 60లు, 70ల్లో మోనో టేపులనే స్టీరియో అని అమ్మడానికి ఒక చెవికి బేస్ ఎక్కువ, ఇంకో చెవికి కీచు ఎక్కువ పెట్టి, పైన కాస్త ప్రతిధ్వని దట్టించేవాళ్ళు. అది వింటే బావిలోంచి పాడినట్టుంటుంది. అసలు రికార్డింగే, కానీ చెడగొట్టింది. అది మెర్క్యురీ దానికన్నా హీనం, నన్నడిగితే.

స్ట్రీమింగ్_సిద్ధు

వాయేజర్ అంతరిక్ష నౌకలో ఈ పాట పంపారు కదా, అది ఏది? చవకది పంపలేదు కదా 😅

గుంటూరు_గ్రామఫోన్

1958 చెస్‌దే బాబూ. 1977లో పంపిన ఆ బంగారు పూత డిస్కులో ఉన్న ఏకైక రాక్ అండ్ రోల్ పాట అది. నాసా వాళ్ళు పెట్రోల్ బంకులో కొనలేదు.

రాలీరేడియో

సరే, అసలువి కొనాలంటే ఏది కొనాలి? ఒక్కటి చెప్పండి చాలు.

గుంటూరు_గ్రామఫోన్

'ది గ్రేట్ ట్వంటీ-ఎయిట్'. 1982లో చెస్ పేరుతో వచ్చిన రెండు ఎల్పీల సెట్, తర్వాత సీడీగానూ వచ్చింది. 'మేబెలీన్' నుంచి 1960ల మధ్య దాకా 28 పాటలు. 60ల మొదట్లో కొన్నాళ్ళు జైల్లో ఉండి వచ్చాక చేసిన 'నదీన్', 'నో పర్టిక్యులర్ ప్లేస్ టు గో' కూడా ఉన్నాయి. 'మై డింగ్-ఎ-లింగ్' లేదు, అది ఇంకా మంచిది. అమెరికా పాప్ చార్టులో ఆయన ఒకే ఒక్క నంబర్ వన్ హిట్ ఆ బూతు పాట కావడం (1972, ఇంగ్లండ్‌లో కావెంట్రీలో లైవ్‌గా పాడింది) నాకు ఇప్పటికీ మింగుడు పడదు.

నిర్మొహమాటం

ఆ పాట జోలికి పోకండి, పిల్లలు చదువుతుంటారు.

విశాఖవీణ

ట్వంటీ-ఎయిట్‌లో నాకున్న ఒకే ఒక్క అసంతృప్తి, 'యూ నెవర్ కెన్ టెల్' లేకపోవడం. 1964 నాటి పాట, 'పల్ప్ ఫిక్షన్' సినిమాలో డాన్స్ చేస్తారు చూడండి, అది. దాంట్లో జానీ జాన్సన్ పియానో కోసమైనా విడిగా వినాలి.

ఆరుతీగలు

+1. ఆ పియానో లేకపోతే ఆ పెళ్ళికి భోజనాలు లేనట్టే.

రాలీరేడియో

నోట్ చేసుకున్నా. ఆఖరి ప్రశ్న. బిల్ హేలీ 'రాక్ ఎరౌండ్ ది క్లాక్' కూడా ఇలాగే రెండు మూడు రకాలుందా? నా దగ్గరున్న పాత క్యాసెట్ మీద సందేహం వస్తోంది.

గుంటూరు_గ్రామఫోన్

రెండు మూడా! అమెరికాలో వార్నర్‌కి, మెక్సికోలో ఒక లేబుల్‌కి, 1968లో స్వీడన్ వాళ్ళ సోనెట్‌కి, వెళ్ళిన చోటల్లా పాడాడు. అసలుది 1954 ఏప్రిల్ 12న న్యూయార్క్‌లో పిథియన్ టెంపుల్ హాల్లో డెకా కంపెనీ కోసం చేసింది. గుర్తుపట్టడం తేలిక. మధ్యలో గిటార్ సోలో వస్తుంది కదా, డానీ సెడ్రోన్ వాయించింది. ఊపిరి తీసుకోకుండా పై నుంచి కిందికి జారుతూ పరిగెడుతుంది, చివర్లో పైకి ఒక్క ఎగురు. రికార్డయిన రెండు నెలలకే ఆయన మెట్ల మీంచి పడి చనిపోయాడు, పాట పెద్ద హిట్టయింది 1955లో. తర్వాతి రికార్డింగుల్లో ఆ సోలోని మిగతా గిటారిస్టులు అనుకరించారు, కొందరు బాగానే. వేగం దగ్గర దొరికిపోతారు.

క్యాసెట్‌లో ఆ సోలో ముక్క ఒక్కటి ఫోన్‌లో రికార్డు చేసి ఇక్కడ పెట్టండి, ఏదో చెప్పేస్తా. కవర్ వెనకవైపు ఫొటో కూడా పెట్టండి, ఈసారి చిన్నక్షరాలు కనిపించేలా.